ఎస్పీఎస్ఎస్ సెంటర్‌లో నా ఫీజు రీయింబర్స్‌మెంట్ పీహెచ్‌డీ: ఒక కస్టమర్ రివ్యూ

హన్మకొండలో యూనివర్సిటీ వైపు వెళ్లే దారిలో జిరాక్స్ షాపుల వరస ఉంటుంది. అందులో ఒక షాపు పక్కనుంచి ఇరుకు మెట్లు. చెప్పులు కిందే విడవాలి. పైన ఒక హాలు, మూడు కంప్యూటర్లు, ఒక బైండింగ్ మెషిన్, గోడకి ఆనించి ఎర్ర రెక్సిన్ థీసిస్‌లు. బోర్డు మీద "థీసిస్ టైపింగ్, డేటా ఎంట్రీ, ఎస్పీఎస్ఎస్, బైండింగ్" అని ఉంటుంది. ఎస్పీఎస్ఎస్ అంటే సర్వే అంకెల మీద లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్. షాపు పేరు కావాలనే రాయడం లేదు. ఆయన చేసిన మంచీ చెప్తాను, చేయబోయిన చెడ్డా చెప్తాను, ఆ రెండోదానికి పేరు తగిలించడం నాకిష్టం లేదు. అయినా ఇలాంటి సెంటరు లేని యూనివర్సిటీ గేటు ఎక్కడుంది?

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్తాను. పార్ట్ టైమ్ పీహెచ్‌డీ. టాపిక్ ఫీజు రీయింబర్స్‌మెంట్. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద ఎత్తున మొదలై, రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా వేర్వేరు రూపాల్లో సాగిన పథకం. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి వాళ్లే, దాని వెనక ఈ పథకం ఉంది. కాబట్టి టాపిక్ ఎందుకు తీసుకున్నానో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎలా చదవాలో మాత్రం నాకే తెలియదు. ప్రీ పీహెచ్‌డీలో రీసెర్చ్ మెథడాలజీ పేపర్ రాశాను, పాసయ్యాను. అందులో మెథడ్స్ రకాలు, నిర్వచనాలు, తేడాలు అన్నీ పట్టికలుగా ఉండేవి. నా టాపిక్‌కి ఏది పనికొస్తుందో ఎలా తేల్చుకోవాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. అందుకే సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక కాయితాలు, చేతిలో పట్టుకుని ఆ మెట్లెక్కాను.

షాపాయన స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. నలభై ఐదేళ్లుంటాయి. సినాప్సిస్ తీసుకుని చివరి పేజీ తిప్పి, మొదటి మాటే, "ఎన్ని శాంపిల్ మేడం?" అన్నాడు.

"ఇంకా అనుకోలేదన్నా."

"నాలుగు వందలు పెట్టుకోండి. అందరు అదే పెడ్తరు."

ఈ నాలుగు వందల కథ నాకు తర్వాత తెలిసింది. శాంపిల్‌గా ఎంతమందిని అడగాలో లెక్కగట్టే యమానే ఫార్ములాలో జనాభా ఎంత పెద్దదైనా 5 శాతం ఎర్రర్ పెడితే జవాబు 400 దాటదు. ఇంకొందరు 1970లో క్రెజ్‌సీ, మోర్గాన్ వేసిన పట్టిక చూసి 384 అంటారు. మీరే శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైటులో నాలుగు థీసిస్‌లు తెరిచి చూడండి, ఈ రెండు అంకెలూ తగులుతూనే ఉంటాయి. రెండింటి వెనకా ఒక షరతు ఉంది. జనాభా మొత్తం జాబితా ముందు పెట్టుకుని చీటీలు తీసినట్టు ఎంచుకోవాలి. నేను చేసింది తెలిసిన లెక్చరర్లకి ఫోన్ చేసి, నాలుగు కాలేజీల్లో ఖాళీ పీరియడ్ అడుక్కుని, క్లాసులో ఉన్నవాళ్లందరికీ కాయితాలు పంచడం. ఇట్లా పంచినప్పుడు 400కి ఏ మహిమా లేదు. ఆ మాట షాపాయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

రేట్లు చెప్తాను, అందరూ ముందు అడిగేది అదే. డేటా ఎంట్రీ ఫారానికి 8 రూపాయలు. ఎనాలిసిస్ మొత్తం ప్యాకేజీ 7,500. పట్టికకి కింద "ఇంటర్‌ప్రెటేషన్" రాసిపెడితే ఒక్కోదానికి 100. హార్డ్ బైండింగ్, బంగారు అక్షరాలతో, కాపీ 350. బేరం ఆడితే ఎనాలిసిస్ మీద తగ్గిస్తాడు గానీ బైండింగ్ మీద పైసా తగ్గించడు. సొంత సరుకు కదా మరి.

క్వశ్చనీర్ కూడా ఆయన దగ్గరే ఉంది, డబ్బులు తీసుకోలేదు. ఎవరిదో పాత థీసిస్ తాలూకు ఫైలు తెరిచాడు. అది డ్వాక్రా సంఘాల మీద. "సభ్యురాలు" ఉన్నచోట "విద్యార్థి" పెట్టి, "రుణం" ఉన్నచోట "ఫీజు" పెట్టాడు. 32 వాక్యాలు, ప్రతిదానికీ పూర్తిగా అంగీకరిస్తున్నాను నుంచి పూర్తిగా విభేదిస్తున్నాను దాకా ఐదు గళ్లు. లైకర్ట్ స్కేల్ అంటారే, అది. పదిహేను నిమిషాల్లో నా మూడేళ్ల పరిశోధనకి పనిముట్టు తయారైంది. అప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

క్లాసులో ఆ సంబరం కరిగిపోయింది. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సెకండియర్ బీకాం సెక్షన్. కాయితాలు పంచి, నిజాయితీగా నింపమని చెప్పాను. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "మేడం, ఇది ఇంటర్నల్ మార్కులకా?" అంది. కాదన్నాను. కాదని తెలిశాక సగం మంది పెన్ను వేగం పెరిగింది. కిటికీ పక్కన ఒకబ్బాయి రెండో గడిలో పైనుంచి కిందికి ఒకే గీత లాగినట్టు టిక్కులు పెట్టుకుంటూ పోయాడు, 32కి 32. పక్కవాడు అది చూసి తనూ అదే గడి. నేను చూస్తూ నిలబడ్డాను. మా లెక్చరర్ ఫ్రెండ్ తలుపు దగ్గర నిలబడి "త్వరగా, త్వరగా" అంటోంది, తర్వాతి పీరియడ్ సార్ వచ్చేశారు.

అందులో 14వ వాక్యం, "ఫీజు రీయింబర్స్‌మెంట్ సకాలంలో అందుతోంది." చాలామంది పూర్తిగా అంగీకరించారు. బకాయిల కోసం కాలేజీ యాజమాన్యాలు బంద్‌లకి పిలుపునిచ్చే రాష్ట్రంలో ఈ జవాబు ఎట్లా వచ్చిందని ఇంటికెళ్లి ఆలోచిస్తే, తప్పు పిల్లలది కాదని తేలింది. ఆర్టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు డబ్బు, చాలావరకు కాలేజీ ఖాతాకి వెళ్తుంది. పిల్లల చేతికి వచ్చేది ఎంటీఎఫ్, అంటే మెయింటెనెన్స్. కాలేజీ ఖాతాలో డబ్బు ఎప్పుడు పడిందో సెకండియర్ పిల్లకి ఎట్లా తెలుస్తుంది? తెలియని మనిషిని అడిగి, ఆమె మర్యాద కొద్దీ పెట్టిన టిక్కుని నేను "డేటా" అన్నాను.

ఇంకొకటి, కుటుంబ వార్షికాదాయం. ఈ రివ్యూలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. స్కాలర్‌షిప్ మీద సర్వేలో ఆదాయం అడిగితే పిల్లలు ఇంటి ఆదాయం రాయరు, సర్టిఫికెట్లో ఉన్న ఆదాయం రాస్తారు. బీసీలకి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు పరిమితి కాబట్టి అందరి ఆదాయమూ ఆ గీతకి కొంచెం కిందే గుమిగూడుతుంది. ఇద్దరు పిల్లలు బ్యాగులోంచి మీసేవ కాయితం తీసి చూసి మరీ రాశారు. ఆ అంకెతో షాపాయన నాకు రెండు క్రాస్ టేబుళ్లు, ఒక ఎనోవా (గుంపుల సగటులు పోల్చే లెక్క) వేసిచ్చాడు. లెక్క తప్పు లేదు.

మొత్తం 312 ఫారాలు పోగయ్యాయి. ఇక నాకు సెలవులు లేవు, నాలుగో కాలేజీలో పరీక్షలు మొదలయ్యాయి. కట్ట తీసుకెళ్లి ఇస్తే షాపాయన లెక్కపెట్టి, గొంతు తగ్గించి, "మిగిలిన 88 మనం సెట్ చేద్దామా మేడం? మొదటి వాటిని బట్టి ర్యాండమ్‌గా వేస్తం, తేడా రాదు" అన్నాడు. ఛార్జీ మామూలుగానే, ఫారానికి 8.

వెంటనే వద్దన్నానని రాయాలని ఉంది. వెంటనే అనలేదు. టీ వచ్చింది, తాగాను. మా ఆయన ఫోన్ చేసి పాప స్కూల్ వ్యాన్ రాలేదన్నాడు. ఆ ఫోన్ పెట్టేసి, "లేదన్నా, 312 అనే రాద్దాం" అన్నాను. ఆయన భుజాలెగరేసి, "మంచిది మేడం, మీ ఇష్టం" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ నాకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎంతమంది టీ తాగి సరే అన్నారో, గోడ దగ్గర రెక్సిన్ పుస్తకాలు చూసినప్పుడల్లా అనిపిస్తుంది. వడ్డించేవాడు మనవాడే అయినా తినేది మనమే కదా.

ఇక పని నాణ్యత. డేటా ఎంట్రీకి పదికి పది. ఇద్దరు అమ్మాయిలు చేస్తారు, ఒకరు కొట్టినదాన్ని రెండోవాళ్లు సరిచూస్తారు. నేను 20 ఫారాలు నా చేత్తో పరీక్షించాను, ఒక్క తప్పు లేదు. నాలుగు రోజులన్నాడు, మూడు రోజుల్లో ఇచ్చాడు. ఫలితాలు ఇచ్చేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. "క్రాన్‌బాక్ ఆల్ఫా 0.91 మేడం! అదిరింది." వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె అది, 0.7 దాటితే చాలంటారు కాబట్టి నేనూ మురిసిపోయాను. కిటికీ పక్కన కుర్రాడు అప్పుడు గుర్తుకు రాలేదు. వాక్యాలన్నీ ఒకే దిక్కుకి పొగిడేలా రాసి, పిల్లలు ఒకే గడిలో గీత లాగితే ఆల్ఫా పెరగక ఏమవుతుంది? అది నా స్కేల్ బాగుందని చెప్పే అంకె అనుకున్నాను, నిజానికి అందులో పిల్లల విసుగు కూడా కలిసి ఉంది.

ఇంటర్‌ప్రెటేషన్ మాత్రం కొనకండి. వందకి వచ్చేది ఇది: "పై పట్టికను పరిశీలించగా 61 శాతం మంది అంగీకరించగా, 22 శాతం మంది పూర్తిగా అంగీకరించగా..." పట్టికలో ఉన్న అంకెలే వాక్యంగా తిరగరాసి ఉంటాయి. పైగా ప్రతిచోటా "పి విలువ 0.000" అని ఉంది. నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనపడే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. సాఫ్ట్‌వేర్ మూడు స్థానాలకి కుదించి చూపిస్తుందంతే, అది సున్నా కాదు, 0.001 కన్నా తక్కువ అని రాయాలి. వైవాలో ఎవరైనా పట్టుకుంటే షాపాయన రాడు.

అసలు దెబ్బ మా గైడ్ దగ్గర తగిలింది. సార్ మాటలు తక్కువ. 70 పేజీల పట్టికలు ముందు పెడితే, పది నిమిషాలు తిప్పి, కళ్లజోడు తీసి, "అమ్మా, వీళ్లంతా కాలేజీలో ఉన్నవాళ్లేగా?" అన్నారు.

"అవును సార్."

"ఫీజు రాక మానేసినవాళ్లు ఏరి?"

అంతే. పథకం పనిచేస్తోందా అని అడగడానికి, పథకం పనిచేసినవాళ్ల దగ్గరికే వెళ్లాను. క్లాసులో లేనివాళ్లు నా 312లో రారు. నాలుగు వందలు కాదు, నాలుగు వేల ఫారాలు పంచినా రారు. డబుల్ చెక్ చేసిన డేటా ఎంట్రీ, 0.91 ఆల్ఫా, ఎనోవా, ఏవీ దీనికి మందు కాదు. సార్ ఇంకో మాట అన్నారు: "నీ సినాప్సిస్‌లో ఒక ప్రశ్న లేదు, నాలుగున్నాయి. ఎంతమంది మానేశారు ఒకటి. ఎందుకు మానేశారు ఒకటి. డబ్బు ఎక్కడ ఆగుతోంది ఒకటి. ప్రభుత్వం ఇట్లాంటి రూలు ఎందుకు పెట్టింది ఒకటి. నాలుగింటికీ ఒకే చెంచా వాడుతున్నావ్."

అక్కడినుంచి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో షాపుకి కూడా చాలాసార్లు వెళ్లాను కాబట్టి రివ్యూలో ఇదీ భాగమే.

ఎంతమంది అనే ప్రశ్నకి మొదట ఆయిషే చూశాను. ఉన్నత విద్య మీద కేంద్రం 2010-11 నుంచి చేసే సర్వే. 2021-22 లెక్కలో దేశం మొత్తానికి స్థూల నమోదు నిష్పత్తి (18-23 ఏళ్ల జనాభాలో వందకి కాలేజీల్లో ఎంతమంది నమోదయ్యారన్న లెక్క) 28.4, తెలంగాణకి 40. 2035 నాటికి 50కి చేరాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం. సభల్లో ఈ అంకెలు బాగా మోగుతాయి. అయితే ఇది కాలేజీలు నింపే సర్వే. మా కాలేజీలో ఆ ఫారం అప్‌లోడ్ చేసే సార్ పక్కన కూర్చుని అంకెలు చదివి చెప్పేది నేనే, అందుకని దాని బలం, బలహీనత రెండూ తెలుసు. ఈ ఏడు ఎంతమంది ఉన్నారో కాలేజీ చెప్పగలదు. మానేసిన పిల్లాడు ఇంకో కాలేజీలో చేరాడా, హైదరాబాద్‌లో డెలివరీ చేస్తున్నాడా అనేది అందులో ఉండదు.

దానికి ఇల్లు అడగాలి. జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్, 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా, దేశంలో లక్షా 13 వేల పైచిలుకు ఇళ్లలో చదువు ఖర్చు, మానేయడానికి కారణాలు అడిగారు. ఆ ముడి డేటా గణాంక శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. దొరికాక ఏం చేయాలో తెలియదు, అది వేరే సంగతి. తెరిస్తే గోడ మీద చీమల బారులా అంకెలు, ఎక్కడ ఏ కాలమ్ మొదలవుతుందో ఇంకో ఫైల్లో ఉంటుంది. ఇక్కడ షాపాయనకి దండం పెట్టాలి. రెండు గంటల్లో దాన్ని విప్పి పట్టికగా మార్చాడు, 600 తీసుకున్నాడు. మొదటిసారి మల్టిప్లయర్ వేయడం మర్చిపోయాడు. ప్రతి ఇల్లూ కొన్ని వందల, వేల ఇళ్లకి ప్రతినిధి కాబట్టి ఆ బరువు వేయకపోతే లెక్క అర్థం లేనిదవుతుంది. అంకెలు మరీ వింతగా ఉన్నాయని నేను అడిగితే, నాలుక కరుచుకుని, డబ్బు తీసుకోకుండా మళ్లీ చేశాడు. "జిల్లా వారీగా తియ్యమంటారా?" అన్నాడు. వద్దన్నాను. రాష్ట్రం గురించి మాట్లాడటానికి వేసిన శాంపిల్, మన జిల్లాకి వచ్చేసరికి గుప్పెడు ఇళ్లు మిగులుతాయి.

అదే రోజు, కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటుంటే, ఆయన నోటి నుంచి ఈ మొత్తం వ్యవహారంలో నేను విన్న అతి తెలివైన మాట వచ్చింది. "మేడం, మీరు డిగ్రీ మీద చేస్తున్నరు గని, ఇంజినీరింగ్‌ల అయితే మస్తు అల్కగ తేలుతది. బీసీ పిల్లలకు పదివేల ర్యాంకు దాకా పూర్తి ఫీజు, ఆ పైన 35 వేలే కదా. 9,900 ర్యాంకు పిల్లగానికి, 10,100 ర్యాంకు పిల్లగానికి తెలివిల తేడా ఏముంటది? ఫీజుల మాత్రం ఉంటది. ఆ గీతకు అటు ఇటు ఉన్నోళ్లు ఏ కాలేజీల చేరిన్రు, ఎవరు మధ్యల మానేసిన్రు చూస్తే సరిపాయె."

దీన్ని రిగ్రెషన్ డిస్‌కంటిన్యూటీ అంటారని, ఆర్థికశాస్త్రంలో విధానాల ప్రభావం కొలవడానికి బాగా నమ్మే పద్ధతుల్లో ఒకటని తర్వాత చదివాను. ప్రభుత్వం పరిపాలన సౌకర్యం కోసం గీసిన గీత పరిశోధకుడికి ప్రయోగశాల అవుతుంది. దీనికీ పరిమితులున్నాయి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఈ ర్యాంకు గీత వర్తించదు, ఇంకొన్ని మినహాయింపులూ ఉన్నాయి, వాళ్లని విడదీయాలి. పదివేల దగ్గర ఏం జరిగిందో చెబుతుంది గానీ 80 వేల ర్యాంకు పిల్ల సంగతి చెప్పదు, మన ఊళ్ల నుంచి వెళ్లేది ఎక్కువగా ఆ ర్యాంకుల వాళ్లే. పైగా ర్యాంకుతో సహా సీట్ల కేటాయింపు జాబితా కావాలి. ఇంత తెలిసిన మనిషి, నేను మొదటిరోజు సినాప్సిస్ ఇచ్చినప్పుడు "ఎన్ని శాంపిల్" తప్ప వేరే ఎందుకు అడగలేదని అడిగేశాను. నవ్వి, "మేడం, ఇక్కడికొచ్చేటోళ్లు గది అడగరు. సబ్‌మిషన్ డేట్ చెప్తరు" అన్నాడు.

డబ్బు ఎక్కడ ఆగుతోందన్న ప్రశ్నకి సర్వే, సాఫ్ట్‌వేర్ రెండూ దండగ. పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు చాలు. మా జిల్లాలో ఏ విద్యా సంవత్సరం బిల్లులు ఏ తేదీన మంజూరై ఏ తేదీన విడుదలయ్యాయో అడిగాను. 30 రోజుల్లో రావాలి, అప్పీలు చేశాక వచ్చింది. రెండు తేదీల మధ్య దూరం నా 14వ వాక్యాన్ని, దాని మీద వేసిన ఎనోవాని కలిపి చెత్తబుట్టలో వేసింది. ఆ తేదీల మధ్య ఏం జరుగుతుందో తెలియాలంటే మళ్లీ మనిషినే అడగాలి. మా ఆఫీసులో స్కాలర్‌షిప్పులు చూసే క్లర్కు అన్న ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పాడు. వేలిముద్ర పడని పిల్లలు, బ్యాంకు పాసుబుక్కులో ఒక స్పెల్లింగు, టెన్త్ మెమోలో ఇంకో స్పెల్లింగు ఉన్నవాళ్లు, హాజరు 75 శాతానికి రెండు రోజులు తక్కువైనవాళ్లు. జీవో ఒకటే. అది ఒక్కో బల్ల మీద ఒక్కోలా అమలవుతుంది. ఆయన చెప్పిన గంటన్నర నుంచి నాకు ఒక చాప్టర్ వచ్చింది.

రూలు ఎందుకు అట్లా పెట్టారన్నదానికి జీవోలు వరసగా చదవడం, ఆంధ్రప్రదేశ్‌తో పోల్చడం పెట్టుకున్నాను. 2014 దాకా ఒకే పథకం. తర్వాత ఆంధ్రలో 2020లో విద్యా దీవెన అని పేరు మారి, 2021 నుంచి డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. ఇక్కడ కాలేజీకే. రెండు రాష్ట్రాల్లో ముందు, తర్వాత అంకెలు పెట్టి తేడాల తేడా (ఒక రాష్ట్రంలో వచ్చిన మార్పులోంచి రెండో రాష్ట్రంలో వచ్చిన మార్పు తీసేసి చూడటం) తీద్దామని ఉబలాటపడ్డాను. సార్ ఒక్క మాటతో ఆపారు: "ఆ రెండేళ్లు కోవిడ్ అమ్మా." నిజమే, అప్పుడు మానేసినవాడు ఖాతా మారడం వల్ల మానేశాడా, వాళ్ల నాన్నకి పని పోయి మానేశాడా, ఎవరు విడదీస్తారు? ఆ పోలికని అంకెల్లోంచి తీసేసి, రెండు ప్రభుత్వాల ఉత్తర్వులు ఎవరిని నమ్మాయి, కాలేజీనా, తల్లినా అనే చర్చగా ఉంచాను.

ఇక మానేసినవాళ్లు. మా కాలేజీలోనే ఒక సెక్షన్ ఫస్టియర్ అడ్మిషన్ రిజిస్టరు, ఫైనలియర్ హాల్ టికెట్ల జాబితా పక్కపక్కన పెట్టి స్కేలు ఆనించి ఒక్కో పేరూ కొట్టుకుంటూ వచ్చాను. చివరికి 19 పేర్లు మిగిలాయి. ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని ఫోన్లు మొదలుపెట్టాను. సగం నంబర్లు పనిచేయలేదు. ఒకటి కలిసింది. అమ్మాయి వాళ్లమ్మ ఎత్తింది. కాలేజీ నుంచి మేడాన్ని అని చెప్పగానే, నా మాట పూర్తికాకముందే, "పైసలు వచ్చినయా మేడం?" అంది.

రాలేదమ్మా, వేరే పని మీద చేశాను అన్నాను. అటు కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "పిల్ల పెండ్లయింది మేడం. పైసలొస్తె చెప్పుండ్రి, నేనొచ్చి తీస్కపోత" అంది. నా క్వశ్చనీర్లో ఈ మాటకి గడి లేదు.

ఆ 19 మందిలో 11 మందితో మాట్లాడగలిగాను. రికార్డింగులు తెలుగులో టైపు చేయాలి. పేజీకి 25 చొప్పున షాపుకే ఇచ్చాను, ఇక్కడ తప్పు నాది. టైపు చేసే అమ్మాయి ఎంత బాగా చేసిందంటే, మనిషి ఆగినచోట చుక్కలు పెట్టింది, యాసని సరిదిద్దలేదు. "పోయిన" అంటే "పోయిన" అనే కొట్టింది, "వెళ్లాను" చేయలేదు. కానీ రెండు ఫైళ్లు అయ్యాక గమనించాను, ఆ ఆడియోల్లో వాళ్ల పేర్లు, ఊరు, అప్పు ఇచ్చినాయన పేరు అన్నీ ఉన్నాయి, పదిమంది వాడే కంప్యూటర్లో డెస్క్‌టాప్ మీద. ఎవరికీ చెప్పనని మాటిచ్చి రికార్డు చేసినవి అవి. అక్కడే కూర్చుని తీసేయించాను, రీసైకిల్ బిన్ కూడా. మిగిలిన తొమ్మిదీ రాత్రిళ్లు పాప పడుకున్నాక నేనే టైపు చేసుకున్నాను. గంట మాటలకి ఆరేడు గంటలు పట్టేది. విసుగొచ్చేది గానీ, మూడోసారి విన్నప్పుడు గానీ తెలియలేదు, 11 మందిలో ఎవరూ "ఫీజు వల్ల" అని మొదలుపెట్టలేదు. బస్ పాస్, అన్న బైక్ యాక్సిడెంట్, టీసీ, అమ్మ కాళ్లనొప్పులు. ఫీజు కథ మధ్యలో ఎక్కడో వస్తుంది, చాలాసార్లు ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు ఇవ్వని ఇంకో కాలేజీ రూపంలో.

ఆ 312 ఫారాలు పారేయలేదు. "కాలేజీలో కొనసాగుతున్న విద్యార్థుల అభిప్రాయాలు" అని పేరు మార్చి, దేనికి పనికిరావో మొదటి పేరాలోనే రాసి, ఒక చిన్న చాప్టర్‌కి కుదించాను. 14వ వాక్యం, ఆదాయం తీసేశాను. ఎనోవా పోయింది. సరళమైన పట్టికలు జమోవి అనే సాఫ్ట్‌వేర్‌లో నేనే వేసుకున్నాను, అది ఉచితం, నేర్చుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

షాపుకి వెళ్లాలా వద్దా అంటే, డేటా ఎంట్రీకి, సర్వే ముడి ఫైళ్లు విప్పించుకోవడానికి, బైండింగ్‌కి కళ్లు మూసుకుని వెళ్లండి. క్వశ్చనీర్‌కి వెళ్లకండి. ఇంటర్వ్యూల ఆడియో ఇవ్వకండి. శాంపిల్ ఎంతన్న మాట వస్తే, ఎవరిని అడగబోతున్నారో ముందు మీ గైడ్‌తో తేల్చుకున్నాకే మాట్లాడండి. ఆయనతో అసలు సంగతులు మాట్లాడాలంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, కరెంటు పోయినప్పుడైతే మరీ మంచిది. ఏప్రిల్‌లో పీజీ ప్రాజెక్టులవాళ్లు మెట్ల దాకా నిలబడి ఉంటారు, పోవద్దు. టీ డబ్బులు తీసుకోడు. పెన్ డ్రైవ్ ఇంటికొచ్చాక స్కాన్ చేసుకోండి, నాది మూడుసార్లు ఫార్మాట్ చేయాల్సి వచ్చింది.